బరువులు కొత్తగా ఎత్తేవాళ్ళకు ఏ పద్ధతి మంచిది?

ఎప్పుడూ వ్యాయామం చేయనివాళ్ళు బరువులు ఎత్తడం మొదలుపెడితే ఏ పద్ధతిలో రోజువారీ బతుకు తేలికవుతుంది, పెద్ద బరువులా, చిన్న బరువులా, మెషీన్లా అని అడిగారు. నన్నడిగితే, మర్నాడు మీ పనులు మీరు చేసుకోగలిగే పద్ధతి ఏదైనా సరే.

నలభై దాటాక జిమ్‌లో చేరాను. మొదటిరోజే ట్రైనర్ కుర్రాడు "ఇంకొక్కటి సార్, ఇంకొక్కటి" అంటూ కాళ్ళు వణికి కూలబడేదాకా స్క్వాట్స్ చేయించాడు. ఆ రోజు బాగానే గడిచింది. మర్నాడు చూడాలి నా అవస్థ! టాయిలెట్ మీద కూర్చోవాలంటే గోడ పట్టుకుని కొంచెం కొంచెంగా దిగడం, సగం దాకా వచ్చాక తొడలు చేతులెత్తేస్తే దబ్బున పడడం. మెట్లు దిగడమైతే పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ రెయిలింగ్ పట్టుకుని. చెబితే, "నొప్పి ఉంటేనే పని జరిగినట్టు సార్" అన్నాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండా. ఒట్టి మాట. అలవాటు లేని కండరానికి కొత్త పని చెబితే ఒకటి నుంచి మూడు రోజుల్లో నొప్పి ముదిరి తగ్గుతుంది. ఎంత నొప్పి ఉంటే అంత బలం అని లెక్కేమీ లేదు. పైగా ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనమని ఒకటే పోరు.

వేరే జిమ్‌కు మారాను. అక్కడి ట్రైనరమ్మాయి నన్ను మోకాలెత్తు బల్ల మీద కూర్చోబెట్టి, చేతులు కట్టుకోమని, "మెల్లగా కూర్చోండి, చురుగ్గా లేవండి. ఇంకో రెండు మూడు చేయగలను అనిపించినప్పుడే ఆపేయండి" అంది. కొన్ని వారాలకే, కుర్చీలోంచి లేచేటప్పుడు మోకాళ్ళ మీద చేతులు ఆనించడం మానేశానని మా ఆవిడ గమనించింది. అద్దంలో మాత్రం ఏ తేడా లేదు. మొదట్లో పెరిగేది ఎక్కువగా కండ కాదు, ఉన్న కండను నరాలు వాడుకునే నేర్పు. చాలామంది ఇక్కడే విసిగి మానేస్తారు.

చిన్న బరువైనా బాగా అలసేదాకా ఎత్తితే కండ దాదాపు అంతే పెరుగుతుంది. గరిష్ఠ బలం కావాలంటే మాత్రం పెద్ద బరువులే మేలు. జీవన నాణ్యతను కొలిచే ఎస్‌ఎఫ్-36 ప్రశ్నావళిలో ఒక్కటంటే ఒక్క ప్రశ్న కూడా బైసెప్స్ సైజు అడగదు. మెట్లెక్కగలరా, వంగగలరా, సంచులు మోయగలరా అని అడుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకు చెప్పింది కూడా వారానికి కనీసం 2 రోజులు, ప్రధాన కండరాలన్నిటికీ పని చెప్పమనే.

ఇక మెషీన్లా డంబెల్సా అంటారా, ఏది ఖాళీగా ఉంటే అది. మెషీన్ ఎక్కి కూర్చుని రీల్స్ చూసుకునేవాళ్ళు లేస్తే.