కాంతి చెదిరే తీరును చదివే చదువు: ఎటు నుంచి వెళ్లాలి?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ మేజర్ రెండో ఏడాదిలో ఉంది. లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి రక్తకణాలను, పొడులను పరీక్షించే పని నేర్చుకుంటానంటోంది. దానికి వేరే కోర్సు ఉందా? లేక ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: ఆ పేరుతో డిగ్రీ కోసం వెతక్కండి. ఇది కోర్సు కాదు, ఫిజిక్స్ మీద నిలబడే పనితనం. సగంలో డిగ్రీ మాన్పించవద్దు.

నెల్లూరు ల్యాబుల్లో చేసే సీబీపీనే (రక్తకణాల లెక్క పరీక్ష) తీసుకోండి. చాలా ఫైవ్ పార్ట్ యంత్రాల్లో (తెల్లకణాలను ఐదు రకాలుగా విడదీసేవి) కణాలు ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి వెళ్తాయి. ముందుకు చెదిరిన కాంతి కణం సైజును, పక్కకు చెదిరిన కాంతి లోపలి రేణువులను పట్టిస్తుంది. అందుకే న్యూట్రోఫిల్, లింఫోసైట్ అనే తెల్లకణాలు విడివిడి గుంపులుగా కనిపిస్తాయి. మీట నొక్కడం తేలికే. అంకె ఎందుకు తప్పిందో పట్టుకోవడమే అసలు విద్య. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనం) గొట్టంలో ప్లేట్‌లెట్లు ముద్దకడితే కౌంట్ ఉత్తుత్తినే పడిపోతుంది. స్మియర్ (గాజుపలకపై పలుచగా పూసిన రక్తం) చూసి, సిట్రేట్ అనే మరో రసాయనమున్న గొట్టంలో మళ్లీ రక్తం తీసి లెక్కిస్తారు. అందులోని ద్రవం రక్తాన్ని పలచన చేస్తుంది గనుక వచ్చిన అంకెను 1.1తో గుణించాలి.

నానో కణాలను కొలిచే డీఎల్ఎస్ (డైనమిక్ లైట్ స్కాటరింగ్) యంత్రం ఇంకా పేచీకోరు. ద్రవంలో కణాలు కదిలే వేగాన్ని చెదిరిన కాంతిలో చూసి అది సైజు చెబుతుంది. చాలా చిన్న కణాలు చెదరగొట్టే కాంతి, వాటి వ్యాసం ఆరో ఘాతాన్ని బట్టి ఉంటుంది. అంటే 100 నానోమీటర్ల కణం ఒక్కటి, 10 నానోమీటర్ల కణాలు పది లక్షలతో సమానం. కాస్త దుమ్ము చాలు, ఫలితం మొత్తం పోతుంది. అందుకే నీటిని 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టాలి, క్యువెట్‌ను (నమూనా పోసే చిన్న పారదర్శక గిన్నె) పై అంచు దగ్గరే పట్టుకోవాలి, బుడగలు పోనివ్వాలి. ఒక డిగ్రీ తేడాకు నీటి చిక్కదనం సుమారు 2 శాతం మారుతుంది, సైజూ అంతే తప్పుతుంది.

అమ్మాయికి నిజంగా ఇష్టమో కాదో ఈ వారమే తెలుసుకోవచ్చు. జువాలజీ ల్యాబ్‌లో పలుచని రక్తపు స్లైడు అడగమనండి (కొత్తగా వేలు గుచ్చుకోనక్కర్లేదు). 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ పాయింటర్ దాని గుండా పంపి, 20 సెంటీమీటర్ల దూరంలో తెల్లకాగితం పెట్టాలి. కణాలు ఒకదానిపై ఒకటి పడని చోట మసక వలయాలు కనిపిస్తాయి. మొదటి చీకటి వలయం వ్యాసార్థం దాదాపు 2.1 సెంటీమీటర్లుంటే, కణం వ్యాసం సుమారు 7.5 మైక్రాన్లు. లెక్క తనే కట్టాలి. లేజర్ కంటికి తగలనివ్వకూడదు, మెరిసే వస్తువులు దగ్గర ఉంచకూడదు. స్మియర్ మందంగా ఉంటే వలయాలు రావు, ఎర్రటి మచ్చే మిగులుతుంది.

తర్వాతి మెట్టు ఎమ్మెస్సీ ఫిజిక్స్. ఐఐటీల వంటి చోట్ల ఎమ్మెస్సీ సీట్ల కోసం ఫిబ్రవరిలో జరిగే జామ్ పరీక్షకు మూడో ఏడాదిలో కూర్చోవాలి. 60 ప్రశ్నలు, 100 మార్కులు, 3 గంటలు. దరఖాస్తులు ముందు ఏడాది సెప్టెంబరు ప్రాంతంలోనే మొదలవుతాయి, చాలామంది అక్కడే జారిపోతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష) కూడా రాయించండి. ఈలోగా ఆప్టిక్స్, గణాంకాలు, పైథాన్ గట్టిగా నేర్చుకోవాలి. మన పిల్లలు వదిలేసేది చివరి రెండే.

ఎమ్మెస్సీ తర్వాత పరిశోధన ఉంది. పరికరాల కంపెనీల్లో అప్లికేషన్, సర్వీసు ఉద్యోగాలున్నాయి, వాటిలో ఊళ్లు తిరగక తప్పదు. ఇంటి దగ్గరే ఉండి త్వరగా జీతం అందుకోవడం మీకు ముఖ్యమైతే మాత్రం, డిగ్రీ పూర్తయ్యాక ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేయడంలో తప్పేమీ లేదు.