ఈక ఎర, చల్లని ఏరు: ఫ్లై ఫిషింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

వేసవి ప్రయాణాలకు సిద్ధమవుతున్న పాఠకులు ఈకలతో చేసిన ఎరతో చేపలు పట్టే ఫ్లై ఫిషింగ్ గురించి రాసిన ఉత్తరాలలో ఎక్కువ భాగం రాడ్ల (గాలపు కర్రల) ధరల చుట్టూనే తిరిగాయి. ధరల సంగతి తప్పక చెబుతాను. అయితే ఏటి పోకడ కనిపెట్టడం, పట్టిన చేపను ప్రాణంతో నీటికి తిరిగి అప్పగించడం అంగడిలో దొరికేవి కావు కనుక, ఈసారి జవాబులలో వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి మా ఊరి చెరువులో బెండు కట్టిన గాలంతో చేపలు పట్టినవాణ్ణి. ఏప్రిల్‌లో నలుగురు మిత్రులం ట్రౌట్ చేప కోసం హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయకు వెళ్లాలనుకుంటున్నాం. రాడ్లు కొన్ని వేల రూపాయల నుంచి లక్ష దాటిన ధర వరకు కనిపిస్తున్నాయి. ఏది కొనాలి? అసలు వానపాము ఎరతో సరిపెట్టుకోకూడదా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: మీ చెరువు గాలంలో బరువంతా ఎరలోనూ, దాని పైన కట్టిన సీసపు గుండులోనూ ఉంటుంది. కర్ర విదిలిస్తే ఆ బరువే దారాన్ని లాక్కుని వెళ్లి నీటిలో పడుతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఇది తలకిందులవుతుంది. చిన్న కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులా తయారుచేసే ఫ్లైకి దాదాపు బరువే ఉండదు కనుక, దానిని ముప్పై నలభై అడుగుల దూరం మోసుకుపోవలసినది లావుపాటి లైనే. రాడ్డు మీద ముద్రించే అంకె ఆ లైను తూకాన్ని తెలుపుతుంది. 5 అని ఉంటే, ఆ రాడ్డుకు సరిపోయే లైనులో మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు తూగాలి. 8 అని ఉంటే 210 గ్రెయిన్లు తూగాలి. తీర్థన్ వంటి కొండ ఏటికి 9 అడుగుల పొడవున్న 5వ నంబరు రాడ్డు చక్కగా సరిపోతుంది. మహసీర్ అనే పెద్ద నది చేప కోసం వెళ్లేవారు వాడే 8వ నంబరు రాడ్డును ఎవరైనా మీకు అంటగట్టబోతే వద్దనండి.

రాడ్డుకు మధ్యరకం ధర చాలు కానీ, లైను దగ్గర మాత్రం లోభించవద్దు. నాసిరకం లైను చుట్టలు విడవదు, నీటిపై సరిగా తేలదు, ఎంత ఖరీదైన రాడ్డునైనా పనికిరానిదిగా చేస్తుంది. ట్రౌట్ వేటలో రీలు ప్రధానంగా లైనును చుట్టి దాచుకునే సాధనమే కనుక సాదా రీలు చాలు. లైను చివర 9 అడుగుల లీడరు (కొసకు సన్నబడే పారదర్శక దారం), దాని కొసన సన్నని టిప్పెట్ (ఫ్లైని ముడివేసే దారం) కట్టాలి. టిప్పెట్ చుట్ట మీద 5ఎక్స్ అని ఉంటే, 11 నుంచి 5 తీసివేయగా వచ్చే 6ను అంగుళంలో వెయ్యో వంతులుగా లెక్కించండి. అదే దాని మందం, అంటే సుమారు 0.15 మిల్లీమీటర్లు.

ప్రయాణానికి ముందు కొన్ని వారాల పాటు ఏదైనా మైదానంలో, కొసకు ఫ్లైకి బదులు ఉన్ని పోగు కట్టి, లైను విసరడం అభ్యసించండి. రాడ్డును వెనక్కి తెచ్చి ఆపిన తరువాత, లైను వెనుక గాలిలో తిన్నగా సాగేంతవరకు వేచి ఉండి, అప్పుడు మాత్రమే ముందుకు తేవాలి. చెర్నాకోల విదిలించినట్టు చప్పుడు వినిపించిందంటే తొందరపడ్డారన్నమాట. ఏటి ఒడ్డున ఆ చప్పుడుకు ఫ్లై తెగి పొదల్లో పడుతుంది.

వానపాము సంగతికి వస్తే, చేప దానిని నిజమైన తిండిగా లోపలికి మింగేస్తుంది, కొక్కెం గొంతులోనో కడుపులోనో దిగుతుంది, అటువంటి చేపను వదిలినా చాలాసార్లు బతకదు. ఈకలతో చేసిన ఫ్లైని మాత్రం నోటిలోకి తీసుకున్న క్షణంలోనే తిండి కాదని పసిగట్టి ఉమ్మివేయబోతుంది కనుక, కొక్కెం సాధారణంగా పెదవి దగ్గరే పట్టుకుంటుంది.

ఇక అసలైన పని. ట్రౌట్ తినే తిండిలో అధిక భాగం నీటి అడుగునే దొరుకుతుంది, ఎందుకంటే మేఫ్లై, కాడిస్, స్టోన్‌ఫ్లై పురుగులు తమ జీవితంలో ఎక్కువ కాలం రాళ్ల కింద పిల్ల దశలోనే గడుపుతాయి. అందుచేత ఏటికి చేరగానే రాడ్డు విప్పకముందే లోతులేని చోట ఒక రాయి తిప్పి చూడండి. దాని అడుగున పాకుతున్న పురుగు ఏ రంగులో, ఎంత పొడవున ఉందో గమనించి, పెట్టెలో దానికి దగ్గరగా ఉన్న నింఫ్‌ను (పిల్ల దశ పురుగును పోలిన ఫ్లైని) ఎంచుకోండి, రాయిని మళ్లీ ఉన్నచోటే ఉన్నట్టుగా పెట్టండి. ఇంగ్లండులో ఏటి కాపరిగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్, దారానికి బదులు సన్నని రాగి తీగతో ఫెజంట్ పక్షి తోక ఈకను చుట్టి రూపొందించిన ఫెజంట్ టెయిల్ నింఫ్, 14 లేక 16 సైజులో, మీ పెట్టెలో తప్పక ఉండాలి. సైజు అంకె పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుందని గుర్తుంచుకోండి.

చేప ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలుస్తుంది. వేగపు పాయ, నెమ్మది పాయ ఒకదానినొకటి ఒరుసుకునే అంచున, పెద్ద బండ వెనుక, శ్రమ లేకుండా నిలిచి తిండి కొట్టుకొచ్చే చోట దానిని వెతకాలి. మీరు దిగువ నుంచి ఎగువకు నడిస్తే దాని కంట పడరు. ఫ్లై నీటితో సమానమైన వేగంతో తేలిపోవాలి. లైనును ప్రవాహం లాగడం వల్ల ఫ్లై అడ్డంగా ఈదుకుంటూ పోతే ట్రౌట్ దాని జోలికి రాదు. ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగిలినవన్నీ మెల్లగా వస్తాయి.

ప్రశ్న: మేము డిసెంబరు సెలవుల్లో తీర్థన్ వెళ్దామంటే వేట నిషేధమన్నారు. కారణమేమిటి? ఈ ట్రౌట్ మన దేశపు చేపేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కాదు. బ్రౌన్ ట్రౌట్ ఐరోపా చేప. 1900లో స్కాట్లండు నుంచి తెప్పించిన గుడ్లతో ఫ్రాంక్ మిచెల్ అనే వ్యక్తి కాశ్మీరులో దీని పెంపకాన్ని నిలబెట్టగా, 1909 నాటికి హిమాచల్‌లోని కుల్లు ప్రాంతానికీ ఇది చేరింది. చలికాలంలో ఇది గులకరాళ్లలో గుంటలు చేసి గుడ్లు పెడుతుంది కనుక, హిమాచల్‌లో నవంబరు మొదటి నుంచి ఫిబ్రవరి చివరి వరకు ట్రౌట్ వేటకు అనుమతి లేదు. ఆ నెలల్లో ఏట్లో నడిచే మనిషి పాదం కింద కూడా గుడ్లు నలిగిపోతాయి. మార్చి, ఏప్రిల్ నెలలు గానీ, వర్షాలు తగ్గి నీరు తేటపడే సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు గానీ ఎంచుకోండి. మే తరువాత కరిగిన మంచు, ఆపై వాన ఏటిని బురదగా, ఉద్ధృతంగా మారుస్తాయి. మత్స్యశాఖ ఇచ్చే లైసెన్సు తీసుకుని, దానిలోని పరిమితికి లోబడి ఒకటి రెండు ట్రౌట్లను వండుకుంటే తప్పేమీ లేదని నా అభిప్రాయం. మహసీర్ విషయంలో మాత్రం నేను ఆ మాట అనను. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న ఆ చేప ప్రతి ఒక్కటీ తిరిగి నీటికే వెళ్లాలి.

ప్రశ్న: జులైలో కుటుంబంతో అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు వెళ్తున్నాం. టెక్సాస్‌లో తీసుకున్న ఫిషింగ్ లైసెన్సు అక్కడ చెల్లుతుందా? ఫైర్‌హోల్ నదిలో వేట బాగుంటుందని విన్నాను.
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: ఏ రాష్ట్రపు లైసెన్సూ పార్కు లోపల చెల్లదు. 16 ఏళ్లు నిండినవారు పార్కు అనుమతిపత్రం విడిగా తీసుకోవాలి. కొక్కెం మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ముల్లు ఉండకూడదు, ఉంటే పట్టకారుతో నొక్కేయాలి. సీసపు గుండ్లు, ఫెల్టు అడుగున్న బూట్లు నిషిద్ధం, ఎందుకంటే తడి ఫెల్టులో దాగిన సూక్ష్మజీవులు ఒక నది నుంచి మరొక నదికి చేరతాయి. ఫైర్‌హోల్, గిబ్బన్ (గిబ్బన్ జలపాతానికి దిగువన), ఆ రెండూ కలిసి ఏర్పడే మాడిసన్ నదులలో ఫ్లైతో తప్ప మరే విధంగానూ వేటాడకూడదు.

ఫైర్‌హోల్ గురించి మీరు విన్నది నిజమే కానీ, జులైకి అది తగదు. ఎన్నో వేడినీటి బుగ్గలు అందులోకి పారుతుండడం వల్ల నడివేసవిలో నీరు ట్రౌట్ తట్టుకోలేనంతగా వేడెక్కుతుంది. వేడి పెరిగేకొద్దీ నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, ఆ స్థితిలో పెనుగులాడిన చేప చూపుకు ఈదుకుంటూ వెళ్లినా తరువాత చనిపోవచ్చు. చిన్న థర్మామీటరు ఒకటి జేబులో పెట్టుకోండి. నీరు 68 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే రాడ్డు మడిచేయండి. పొరుగున ఉన్న మోంటానాలో వరుసగా మూడు రోజులు నీరు 73 డిగ్రీలను తాకితే మధ్యాహ్నం 2 గంటల నుంచి అర్ధరాత్రి వరకు వేట ఆపివేసే పద్ధతి ఉంది. కనుక పార్కుకు ఈశాన్యాన ఉన్న లామార్ నది వైపు పొద్దున్నే వెళ్లండి. అక్కడి కట్‌త్రోట్ ట్రౌట్ ఆ నేల సొంత చేప, పట్టిన ప్రతిదాన్నీ వదలాలి. దీనికి పూర్తిగా భిన్నంగా, 1994లో ఎల్లోస్టోన్ సరస్సులో బయటపడిన లేక్ ట్రౌట్ ఈ కట్‌త్రోట్లను తినేస్తున్నందున, దానిని పట్టినవారు చంపి తీరాలని పార్కు నిబంధన. ఏ చేప పట్టారో గుర్తుపట్టడం నేర్చుకున్నాకే నీటిలో దిగండి. పిల్లలు వెంట ఉన్నారు కనుక ఎలుగుబంట్లకు 100 గజాలు, అడవిదున్నలకు 25 గజాలు ఎడంగా ఉండాలన్న నియమాన్ని మరవకండి.

ప్రశ్న: మా నలుగురి జట్టులో వేటకంటే మాటలే ఎక్కువ. ఎవరి చేప పెద్దదన్న వాదన రాత్రి భోజనాల దాకా సాగుతుంది. ఫొటో లేనిదే ఎవరి మాటా నమ్మకూడదని నియమం పెట్టుకున్నాం. కొత్తగా చేరిన మా బావమరిది ప్రతి మడుగులోనూ మా ముగ్గురి తరువాతే దిగాడు, అతనికి రోజంతా ఏమీ పడకపోగా, మా మాటలకు నొచ్చుకుని ఇక రానంటున్నాడు. మాటలు తగ్గించుకోవాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మాటలు తగ్గించుకోవద్దు. ఫొటో నియమాన్ని తీసేయండి.

చచ్చినవాడి కళ్లు చారెడన్నట్టు, జారిపోయిన చేప సాయంత్రానికల్లా మూర పెరుగుతుంది. ఆ కథను చెప్పనివ్వడం, ఎక్కడెక్కడ పెరిగిందో ఎత్తి చూపడం, ముడి సరిగా వేయనివాణ్ణి మరునాటి దాకా వదలకపోవడం ఈ స్నేహానికి ప్రాణం. కానీ రుజువు కావాలని అడిగిన క్షణం నుంచి ఆ సరదాకు మూల్యం చెల్లించేది చేప. ఒకరు పట్టుకుని, మరొకరు ఫోను వెతికి, మొప్పలు గాలిలో ఎండుతుండగా రెండు మూడు ఫొటోలు తీసేసరికి, అంతవరకు పెనుగులాడి అలసిన ప్రాణి ఊపిరాడక విలవిలలాడుతుంది. చేతులు ముందుగా తడుపుకోకుండా పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర ఊడి, రోగాలకు దారి ఏర్పడుతుంది. రబ్బరు వల వాడి, చేపను నీటిలోనే ఉంచి కొక్కెం తీయండి. పొడవు తెలియాలంటే రాడ్డు మీద ముందే అంగుళాల గుర్తులు పెట్టుకుని, నీటిలోనే పక్కన ఆనించి చూడండి. మీ వాదనకు ఆ కొలత చాలు, కాస్త అనుమానానికి చోటు మిగిలితే వాదన ఇంకా రుచిగా సాగుతుంది.

మీ బావమరిది విషయంలో నాకు ఆయన పక్షమే న్యాయమనిపిస్తోంది. బావా బావమరుదుల సరసం మన ఇళ్లలో పుట్టినదే, దానికి ఎవరూ నొచ్చుకోరు. అయితే ముందుగా ముగ్గురు తొక్కి కలచివేసిన మడుగులో చివరివాడిగా దింపి, చేప పడలేదని నవ్వితే ఎవరికైనా బాధ కలుగుతుంది. కొత్తవారికి ఎవరూ దిగని నీటిని ముందుగా ఇవ్వడం మంచి జట్ల ఆనవాయితీ. ఈసారి ఉదయపు మొదటి మడుగు ఆయనకు వదలండి, మీలో ఒకరు రాడ్డు ఒడ్డున పెట్టి, ఫ్లై ఎక్కడ వేయాలో చూపుతూ పక్కన నిలవండి. ఆయన ఎదుట నుంచి నీటిలో నడవకండి. ఒక చేప పడ్డాక, మీకంటే ఎక్కువగా ఆటపట్టించేది ఆయనే అవుతారు.

ప్రశ్న: ఫ్లైలు సొంతంగా చుట్టుకోవాలని ఉంది. నెమలి ఈకలు, అడవికోడి ఈకలు వాడవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: నెమలి తనంతట తాను రాల్చిన తోక ఈకలను దేశంలో ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, విదేశాలకు పంపడానికి మాత్రం వీల్లేదు. కనుక అమెరికాలోని బంధువులకు కానుకగా తీసుకెళ్లవద్దు. అడవికోడి వన్యప్రాణి రక్షణ చట్టం కిందిది, దాని మెడ ఈకల జోలికే పోకండి. మీకు కావలసింది నాటుకోడి పుంజు మెడ ఈకలే. గట్టిగా, మెరుపుతో ఉండే ఆ ఈకను కొక్కెం చుట్టూ తిప్పితే దాని పీచులు ఫ్లైని నీటిపై నిలబెడతాయి. కోళ్ల దుకాణంలో అడిగి తెచ్చి, సబ్బునీటితో కడిగి, నీడన ఆరబెట్టండి.

ప్రశ్న: హిమాలయాల దాకా వెళ్లలేని మాబోటివారు ఊరి చెరువులో ఫ్లై రాడ్డుతో కొర్రమీనును పట్టగలరా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: తప్పకుండా పట్టగలరు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను గాలి పీల్చడానికి తరచుగా పైకి వస్తుంది, కప్పలను వేటాడుతుంది. అందుచేత తేలే లైను, 8వ నంబరు రాడ్డు, ఆరడుగుల మందపాటి లీడరు, ఫోముతో చేసిన కప్ప వంటి ఫ్లై చాలు. కొక్కేనికి నాచు తట్టుకోకుండా చిన్న తీగ అడ్డు పెట్టించండి. తెల్లవారుజామున తామరాకు మీద వేసి, మెల్లగా నీటిలోకి జార్చి, ఒక్క క్షణం కదల్చకుండా ఉంచండి. చేప అందుకున్నాక బలంగా ఒడ్డువైపు లాగాలి, లేకపోతే అది గుర్రపుడెక్క వేళ్లలోకి దూరుతుంది.

నీటిపై ఎర్రని పిల్లల గుంపు కదులుతూ కనిపిస్తే అక్కడ ఫ్లై వేయవద్దు. ఆ పిల్లలను కాపాడుతూ కింద తల్లీ తండ్రీ ఉంటాయి, దగ్గరకు వచ్చిన దేనిమీదైనా విరుచుకుపడతాయి కనుక వాటిని పట్టడం చాలా సులువు. కానీ అవి లేని గంటలోనే మిగతా చేపలు పిల్లలను ఖాళీ చేస్తాయి. మరొక సంగతి, చెరువులలో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సహకార సంఘానిదే. పట్టిన చేపను వదిలేస్తామన్నా సరే, సంఘం పెద్దలను ముందుగా కలిసి అనుమతి అడగండి. ఏ మూలన కొర్రమీను తిరుగుతుందో కూడా వారికే తెలుసు.