పోకర్‌ను వ్యాపారంగా రిజిస్టర్ చేయిస్తే పన్ను తగ్గుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసు 31. చేతికి నెలకు 1.15 లక్షలు వస్తుంది. ఈఎంఐతో కలిపి ఇంటి ఖర్చు 80 వేలు. నా భార్య ఉద్యోగం చేయడం లేదు, రెండేళ్ల పాప ఉంది. 2023 ఏప్రిల్ నుంచి 2025 ఆగస్టు వరకు ఆన్‌లైన్‌లో పోకర్ ఆడాను. ప్రతి గేమూ ఎక్సెల్‌లో రాసుకున్నాను. టీడీఎస్ పోనూ 6.4 లక్షలు మిగిలింది. ఆన్‌లైన్ ఆగిపోయింది కాబట్టి ఉద్యోగం మానేసి గోవాలో టోర్నమెంట్లు ఆడాలనుకుంటున్నాను. 14 లక్షల పొదుపు ఉంది. దీన్ని చిన్న వ్యాపారంగా రిజిస్టర్ చేయించి ప్రయాణం, హోటల్ ఖర్చులు, ఓడిన డబ్బు చూపించుకోవచ్చా? టీడీఎస్ కట్ అయింది కదా అని గెలిచిన డబ్బు రిటర్న్‌లో చూపలేదు. ఫర్వాలేదా?

జవాబు: చూపించుకోలేరు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించినా, కరెంట్ అకౌంట్ తెరిచినా, విజిటింగ్ కార్డు కొట్టించినా అంతే. పేకాటలో గెలిచిన డబ్బుకు మన ఆదాయపు పన్ను చట్టంలో విడిగా ఒక గది ఉంది. లాటరీ, గుర్రప్పందేలతో పాటు ‘కార్డ్ గేమ్స్’ అని పేరు పెట్టి మరీ అందులో చేర్చారు. రేటు 30 శాతం, దాని మీద 4 శాతం సెస్, మొత్తం 31.2. ఖర్చులు తీసేయడానికి లేదు, ఓడినదాన్ని గెలిచినదాంట్లోంచి మినహాయించుకోవడానికి లేదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికీ లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి, ఈ పద్ధతి మారలేదు.

దీని అర్థం ఏమిటో మీ అంకెల్లాంటి అంకెలతోనే చూద్దాం. ఏడాదికి 20 వేల ఎంట్రీతో 60 టోర్నమెంట్లు ఆడారు. పెట్టింది 12 లక్షలు. ప్రైజులుగా వచ్చింది 15 లక్షలు. 25 శాతం రాబడి అంటే ఏ ఆటగాడికైనా మంచి ఏడాదే, మీ షీట్ 3 లక్షల లాభం చూపిస్తుంది. పన్ను పడేది మాత్రం ఆ 3 లక్షల మీద కాదు, 15 లక్షల మీద. అది 4.68 లక్షలు. లాభం కాస్తా 1.68 లక్షల నష్టమైంది. విమానం, హోటల్ ఇంకా లెక్కలోకి రానేలేదు. అసలు చేతికి రావాలంటేనే 12 లక్షలు పెట్టి సుమారు 17.44 లక్షలు గెలవాలి. ఏటా 45 శాతం రాబడి తెస్తే, అప్పటికి మీ జీతం సున్నా.

దీనికి తోడు జీఎస్టీ. 2023 అక్టోబరు నుంచి క్యాసినోల్లో చిప్స్ కొన్న మొత్తం విలువ మీద 28 శాతం వేశారు, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 అయింది. ఆ భారం ఎంట్రీలో కలిపి వసూలు చేస్తున్నారో, విడిగా తీసుకుంటున్నారో రసీదు అడిగి చూడండి.

‘పోకర్‌ని బిజినెస్‌లా చూడు’ అనే మాట ఎక్కువగా అమెరికా నుంచి వస్తుంది. అక్కడ 1987లోనే సుప్రీంకోర్టు, పూర్తికాలం జూదమే జీవనాధారంగా ఆడేవాడిది వ్యాపారం కిందికి రావచ్చని ఒప్పుకుంది. ఓడినదాన్ని గెలిచినదాని మేరకు తీసేసుకునే వీలు వాళ్లకు ఉంది (2026 నుంచి అదీ 90 శాతానికి తగ్గింది). ఆ వీడియోలు చూసి ఇక్కడ ఉద్యోగం మానేయడం పొరపాటు.

పోకర్ నైపుణ్యం ఆట కదా అంటారేమో. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీ గురించి అలాగే చెప్పింది, మూడు ముక్కలాటను మాత్రం పక్కన పెట్టింది. పోకర్ మీద ఇంకా ఏకాభిప్రాయం లేదు. పశ్చిమ బెంగాల్ చట్టం దాన్ని జూదం లెక్కలోంచి తప్పించింది, గుజరాత్ హైకోర్టు 2017లో జూదమే అంది. ఈ వాదన పోలీసు కేసులో పనికొస్తుందేమో గానీ పన్ను లెక్కలో పైసా తగ్గించదు.

ఇక మీ 6.4 లక్షలు. క్రమశిక్షణతో రాసుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ షీట్ గోవాకు పనికిరాదు. 2023 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్ ఆటలకు ఏడాది మొత్తం మీద నికర గెలుపుకే పన్ను ఉండేది కాబట్టి, ఓడినవి వాటంతటవే సర్దుకుపోయాయి. పైగా ఆన్‌లైన్‌లో ఒకేసారి నాలుగు టేబుళ్లు ఆడొచ్చు. గోవాలో డీలర్ ముక్కలు పంచే టేబుల్ దగ్గర గంటకు పాతిక, ముప్పై హ్యాండ్స్ (ఒక్కోసారి ముక్కలు పంచి ఆడే ఆటలు) దాటవు. మీకున్న నైపుణ్యం అంకెల్లో కనిపించడానికే ఏళ్లు పడుతుంది. విదేశీ యాప్‌ల వైపు మాత్రం వెళ్లకండి. 2025 చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నైపుణ్యం, అదృష్టం అన్న తేడా లేకుండా నిషేధించింది. ఆటగాడికి శిక్ష లేకపోవచ్చు, మీ డబ్బు అక్కడ ఇరుక్కుంటే అడగడానికి దిక్కు కూడా ఉండదు.

పన్ను సంగతి పక్కన పెట్టినా పెట్టుబడి చాలదు. 14 లక్షల్లో ఏడాది ఇంటి ఖర్చు 9.6 లక్షలు ముట్టుకోకూడదు, పాప ఉంది. మిగిలేది 4.4 లక్షలు, అంటే 22 ఎంట్రీలు. టోర్నమెంట్‌లో వంద మంది కూర్చుంటే డబ్బు చేతికొచ్చేది పది పదిహేను మందికే. 22 ఎంట్రీలు వరసగా పోవడానికి మీరు చెడ్డగా ఆడనక్కర్లేదు, నాలుగైదు నెలలు ముక్కలు కలిసి రాకపోతే చాలు. అప్పుడు ఈఎంఐ టెన్షన్‌తో కూర్చుని ఆడే ఆట ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు.

కాబట్టి ఉద్యోగం ఉంచుకోండి. ఆడాలని ఉంటే ఏడాదికి లక్ష దాటకుండా ఒక విడి సేవింగ్స్ అకౌంట్‌లో పెట్టి, సెలవుల్లో ఆడండి. అది పెట్టుబడి కాదు, సరదా ఖర్చు. అయిపోతే ఆ ఏడాదికి ఆట ఆపేయాలి, క్రెడిట్ కార్డు బయటికి తీయకూడదు. ఎప్పటికైనా ఉద్యోగం మానేస్తారేమో, అందుకని జీతం స్లిప్పులు ఉండగానే టర్మ్ పాలసీ, ఆఫీసుతో సంబంధం లేని ఫ్యామిలీ హెల్త్ పాలసీ తీసుకోండి. పోకర్ గెలుపులు చూపించి టర్మ్ పాలసీ గానీ హోమ్ లోన్ గానీ తీసుకోవడం చాలా కష్టం.

రిటర్న్ విషయం మాత్రం ఫర్వాలేదని చెప్పలేను. ఆ టీడీఎస్ మీ ఏఐఎస్‌లో (ఆదాయపు పన్ను శాఖ దగ్గరుండే మీ ఏడాది లావాదేవీల పట్టికలో) కనిపిస్తూనే ఉంటుంది, నోటీసు రావడానికి అదొక్కటి చాలు. టీడీఎస్ 30 శాతమే కోస్తారు, 4 శాతం సెస్ మీరే కట్టాలి. 6.4 లక్షలు చేతికి వచ్చిందంటే గెలిచింది సుమారు 9.14 లక్షలు, సెస్ 11 వేల చుట్టూ తేలుతుంది. గడువు దాటని ఏడాది గెలుపును మామూలు రిటర్న్‌లోనే చూపండి, ఐటీఆర్-1 కాకుండా ఐటీఆర్-2లో. గడువు దాటినవాటికి ఐటీఆర్-యూ (అప్‌డేటెడ్ రిటర్న్) ఉంది, అసెస్‌మెంట్ ఇయర్ (సంపాదించిన ఏడాదికి తర్వాతి ఏడాది) ముగిశాక నాలుగేళ్ల వరకు వేయొచ్చు. ఆలస్యాన్ని బట్టి కట్టాల్సిన పన్ను, వడ్డీ మీద 25, 50, 60, 70 శాతం అదనంగా పడుతుంది. మీకు బాకీ ఉన్నది సెస్ మాత్రమే కాబట్టి ఆ అదనం ఇప్పుడైతే కొన్ని వేలతో పోతుంది. ఏఐఎస్ డౌన్‌లోడ్ చేసి, ఎక్సెల్ షీట్‌తో ఏడాదివారీగా సరిపోల్చి, ఈ నెలలోనే ఆడిటర్ దగ్గరికి వెళ్లండి.