మందు కన్నా ముందు పరీక్ష చేయించండి

మీ కొండచిలువ రోజంతా నీళ్ల గిన్నెలోనే పడి ఉంటోందని, గిన్నె అడుగున నల్లటి నలుసులు తేలాయని, డాక్టరు తూకమైనా వేయకుండా కుక్కలకిచ్చే నులిపురుగుల మందు రాసిచ్చారని చెప్పారు. ఆ మందు ఇంకా పట్టించకపోతే దయచేసి ఆగండి.

ఆ లక్షణాలు చూస్తే నాకు ముందుగా తోచేది రక్తం పీల్చే మైట్లు, అంటే పాము ఒంటి మీద పాకే సన్నటి పురుగులు. కంటి చుట్టూ, గడ్డం కింద గాడిలో పొలుసుల అంచులు టార్చి వేసి చూడండి. గసగసాల గింజంత చుక్క కదిలితే అవే. కడుపులోని పురుగుల మందు సాధారణంగా వీటిని చంపదు. పైగా ఇవి గుడ్లు పెట్టేది పాము మీద కాదు, అది ఉండే పెట్టె మూలల్లో, పగుళ్లలో. అందుకే పెట్టెను శుభ్రం చేయకుండా పాముకు ఎంత వైద్యం చేసినా మళ్లీ వస్తాయి. అడుగున పరిచినదంతా పారేసి, తెల్ల కాగితం వేయండి. మైట్లు ఇట్టే కనబడతాయి.

సరీసృపాలను తరచుగా చూసే పశువైద్యుణ్ణి వెతకండి. ఫోనులోనే అడగండి: పాములకు వైద్యం చేస్తారా, మలాన్ని మైక్రోస్కోపు కింద చూస్తారా? పాము తాజా మలాన్ని మూత బిగించిన డబ్బాలో పెట్టి, ఆ రోజే తీసుకెళ్లండి. కడుపులోనూ పురుగులుంటే అందులో తెలుస్తుంది. మందు మోతాదు పాము బరువును బట్టి, గ్రాముల లెక్కన నిర్ణయించాలి కాబట్టి అక్కడ తూకం వేయించండి.

ఇంట్లో తాబేలు ఉంటే ముందే చెప్పండి. మైట్లకు వాడే ఐవర్‌మెక్టిన్ అనే మందు తాబేళ్ల ప్రాణం తీస్తుంది.