పీఎఫ్ నిల్వ తక్కువగా కనిపిస్తోంది, ఎందుకు?

ప్రశ్న: నా వయసు 41. కూకట్‌పల్లిలో ఉంటాను. 2009లో ఉద్యోగంలో చేరి, 2018లో సంస్థ మారాను. ఇప్పుడు బేసిక్ రూ.30,000. నెలకు రూ.3,600 పీఎఫ్ కట్ అవుతోంది. సంస్థ వాటా కూడా అంతేనంటున్నారు. మిస్డ్ కాల్ ఇస్తే వచ్చే మెసేజ్‌లో మాత్రం నిల్వ నా లెక్క కన్నా చాలా తక్కువగా ఉంది. తేడా ఎక్కడ?

జవాబు: ఆ మెసేజ్ చివరి జమ, నిల్వ మాత్రమే చెబుతుంది. తేడా తెలియాలంటే మీ యూఏఎన్‌తో (ఉద్యోగం మారినా మారకుండా ఉండాల్సిన పీఎఫ్ నంబరు) పీఎఫ్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి, లేదా ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో, పాస్‌బుక్ తెరవాలి.

ముందుగా ఒక నెల వరుస చూడండి. మీ వాటా రూ.3,600. సంస్థ ఇచ్చే రూ.3,600లో రూ.1,250 పింఛను పథకానికి వెళ్తుంది. రూ.15,000 జీత పరిమితిపై 8.33 శాతం అంటే అంతే. పీఎఫ్‌లో పడేది మిగిలిన రూ.2,350. పింఛను కాలమ్‌పై వడ్డీ లెక్కించరు. రెండు వాటాలనూ కలిపి నెలకు రూ.7,200 చొప్పున లెక్క వేసుకుంటే తేడా ఇక్కడే మొదలవుతుంది. కొన్ని సంస్థలు తమ వాటాను రూ.15,000 మీదే, అంటే రూ.1,800కే పరిమితం చేస్తాయి. అలాంటప్పుడు పీఎఫ్‌లో పడేది రూ.550 మాత్రమే. మీ సీటీసీ పత్రంలో (సంస్థ ఇచ్చిన మొత్తం జీతం వివరాల్లో) ఏముందో చూడండి.

వడ్డీ సంగతి సులభం. 2024-25కి 8.25 శాతం. నెలనెలా ఉన్న నిల్వపై లెక్కించినా, ఏడాది ముగిశాకే జమ చేస్తారు. పాస్‌బుక్‌లో కనిపించడానికి నెలలు పట్టొచ్చు. ఆలస్యమైనా మీకు నష్టం లేదు.

జమ కాని నెలలను మాత్రం ఉపేక్షించకండి. సంస్థ ప్రతి నెల డబ్బును తర్వాతి నెల 15లోగా కట్టాలి. పే స్లిప్‌లో కోత ఉండి పాస్‌బుక్‌లో ఆ నెల లేకపోతే హెచ్‌ఆర్‌ను చలానా (డబ్బు కట్టిన రసీదు) అడగండి. ఇవ్వకపోతే పీఎఫ్ సంస్థ ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్ ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు చేయండి. ఫిర్యాదు వెళ్లాల్సింది మీ ఇంటి దగ్గరి పీఎఫ్ ఆఫీసుకు కాదు, మీ సంస్థ ఏ ఆఫీసు పరిధిలో ఉందో దానికి. అది బర్కత్‌పురా కావచ్చు, మరొకటి కావచ్చు.

మీ విషయంలో నాకు అసలు అనుమానం 2009-18 నాటి ఖాతాపైనే. పాస్‌బుక్‌లో ఎన్ని మెంబర్ ఐడీలు (ఒక్కో ఉద్యోగానికి ఇచ్చే పీఎఫ్ ఖాతా నంబర్లు) ఉన్నాయో చూడండి. పాత ఐడీలో నిల్వ అలాగే ఉంటే అది ఇంకా బదిలీ కాలేదు. పాత ఐడీ అసలు కనిపించకపోతే, 2018లో మీకు మరో యూఏఎన్ ఇచ్చి ఉండొచ్చు. పాత పే స్లిప్‌లలో పాత యూఏఎన్ వెతకండి. సర్వీస్ హిస్టరీలో పాత సంస్థ నుంచి వైదొలగిన తేదీ ఉండాలి, అది కొత్త ఉద్యోగంలో చేరిన తేదీ కంటే ముందుండాలి. తేదీ ఖాళీగా ఉంటే బదిలీ తిరస్కరణకు గురవుతుంది. రెండు ఉద్యోగాల తేదీలు ఒకదానిపై ఒకటి పడితే కూడా 2025 వరకు తిరస్కరించేవారు. ఖాళీగా ఉంటే 'మార్క్ ఎగ్జిట్'లో మీరే నమోదు చేయొచ్చు. తర్వాత ఆన్‌లైన్‌లో బదిలీకి దరఖాస్తు పెట్టండి.

బదిలీ అయ్యాక కొత్త పాస్‌బుక్‌లో పాత పింఛను మొత్తం సున్నాగా కనిపిస్తుంది. కంగారు పడొద్దు. పింఛను ఆ మొత్తంపై కాదు, సర్వీసు, జీతాలపై ఆధారపడుతుంది. అందుకే అనెక్షర్ కె (పాత ఖాతా నుంచి బదిలీ అయిన వివరాల పత్రం) తీసుకుని, పాత సర్వీసు తొమ్మిదేళ్లూ అందులో నమోదయ్యాయో లేదో చూసి, ఆ కాగితం భద్రపరచుకోండి.