తిరుపతిలో అద్దె ఇల్లు చూసుకునేటప్పుడు మన మతం చెప్పాలా? చెప్పాలి

వరంగల్ నుంచి బదిలీ మీద తిరుపతి వస్తున్నామని, మాది క్రైస్తవ కుటుంబమని, ఇద్దరు పిల్లలని రాశారు. ఊరంతా వెంకన్న చుట్టూ తిరిగే చోట మేం ఇమడగలమా, మాంసం వండుకోనిస్తారా, పిల్లలు బడిలో ఒంటరివాళ్లవుతారా, ఇల్లు దొరికేదాకా మతం సంగతి ఎత్తకుండా ఉంటే తప్పా అని అడిగారు. చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. నేను సరిగ్గా అదే చేశాను. మీరు చేయకండి.

మాది ఖమ్మం. డోర్నకల్ బిషప్ గారి డయాసిస్ కింద ఉండే సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో పుట్టి పెరిగాను. రాష్ట్రం విడిపోయిన రెండేళ్లకు, 2016 జూన్‌లో, మా ఆయన ఉద్యోగం వల్ల తిరుపతి వచ్చాం. పాపకు అప్పుడు ఏడేళ్లు. మొదట చూసిన ఇంటి దగ్గర "ఆదివారం చర్చికి పోతారా?" అని అడిగారు. పోతామన్నాం. ఇల్లు వేరేవాళ్లకు మాటిచ్చేశామన్నారు. రెండు రోజుల తర్వాత అటుగా వెళ్తే టులెట్ బోర్డు అదే గేటుకు వేలాడుతోంది. అది చూశాక నా ధైర్యం జారిపోయింది. తర్వాతి ఇంటికి వెళ్లేముందు మెడలో సిలువ ఉన్న గొలుసు తీసి పర్సులో పెట్టుకున్నాను. మా ఆయనకు నచ్చలేదు. పిల్లను పెట్టుకుని లాడ్జిలో ఇంకెన్ని రోజులుంటాం అని నేనే నోరు మూయించాను.

ఆ రెండో ఇంట్లో పై వాటా మాది. కింద ఓనరు గారు, వాళ్లమ్మ ఉండేవారు. వీధిలో అందరూ ఆమెను అవ్వ అనే పిలుస్తారు, మేమూ అలాగే పిలిచాం. అవ్వ మమ్మల్ని అడిగినవి రెండే: ఎంతమంది ఉంటారు, నీళ్లు వృథా చేయరు కదా. మతం ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతానికి పిలిచింది. కుంకుమ పెట్టి తాంబూలం చేతిలో పెడుతుంటే నా చేతులు వణికాయి. ఆమె పెట్టిన బొట్టు వల్ల కాదు, ఆమె దగ్గర నేను అబద్ధంగా నిలబడి ఉన్నందువల్ల. పెరటాసి నెల వచ్చింది. తమిళుల పురటాసి మాసమే ఇది. చిత్తూరు వైపు ఆ నెలంతా చాలా ఇళ్లలో మాంసం ముట్టరు, శనివారాల్లో తళిగలు వేస్తారు (స్వామికి నైవేద్యం వడ్డించి పెట్టడం), బియ్యప్పిండి, బెల్లం కలిపి దీపం చేసి వెలిగిస్తారు. పిల్లలు నామాలు పెట్టుకుని, చెంబు పట్టుకుని "గోవిందా" అంటూ ఇంటింటికీ బియ్యానికి వస్తారు. మా గుమ్మం ముందుకూ వచ్చారు. దోసెడు బియ్యం పోశాను. అది తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. కానీ ఆ నెలలో ఒక ఆదివారం కోడికూర వండి, వాసన కిందికి పోతుందేమోనని వంటింటి కిటికీలు మూసి ఆ ఉక్కలో కూర్చున్నాం చూడండి, అది తప్పు. అది బతుకు కాదు.

డిసెంబర్‌లో క్రిస్మస్ నక్షత్రం కొన్నాను. బయట కట్టకుండా పడగ్గదిలో కట్టాను. "ఖమ్మంలో గేటు మీద కట్టేవాళ్లం కదమ్మా, ఇక్కడ లోపలెందుకు?" అని పాప అడిగింది. ఆ పిల్లకు చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేదు. ఆ సాయంత్రమే కిందికి వెళ్లి అవ్వ పక్కన కూర్చుని అంతా చెప్పేశాను.

అవ్వ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట ఇది: "చర్చికి పోయేవాళ్లమని చెప్తే నేను తోసేస్తానా పాపా? ఆరు నెల్లుగా నన్ను చూసి భయపడతా ఉండావని నాకు తెలీకపోయె. తాంబూలం గూడా భయపడతానే తీసుకుంటివా?"

ఆమెకు బాధ కలిగించింది నా దేవుడు కాదు, ఆమెను నేను అలా అనుకోవడం. మరుసటి ఏడు నుంచి వ్రతానికి పిలిచినప్పుడు "కుంకుమ పెట్టనా, వద్దా?" అని అడిగేది. నేను పూలు, గాజులు, శనగలు తీసుకునేదాన్ని. ప్రసాదం నేను తింటాను, మా ఆయన తినరు. అది కూడా దాచకుండా చెప్పాం. ఆయనకని విడిగా, నైవేద్యం పెట్టకముందే, గిన్నెలో తీసి పైకి పంపేది. కొండ మీద ప్రతి మంగళవారం జరిగే అష్టదళ పాదపద్మారాధనకు వాడే 108 బంగారు పద్మాలు గుంటూరుకు చెందిన ఒక ముస్లిం భక్తుడు ఇచ్చినవని నాకు చెప్పింది కూడా అవ్వే.

అందరూ అవ్వలా ఉంటారని చెప్పను. సంగతి తెలిశాక ఎదురింటావిడ పలకరింపు తగ్గించింది, ఇప్పటికీ అంతే. శాకాహారులకు మాత్రమే అని బోర్డు పెట్టే ఇళ్లు ఉన్నాయి. అక్కడ అడగడమే వద్దు, రోజూ ఇరువైపులా ఇబ్బంది. కానీ ముందే చెప్పి దొరికిన ఇంట్లో మీరు కిటికీలు తెరుచుకుని ఉండొచ్చు. మొదటి ఫోన్‌లోనే "మేం క్రైస్తవులం, మాంసం వండుకుంటాం, మీకు అభ్యంతరమా?" అని అడగండి. నాలుగిళ్లు కాదంటాయి, ఐదోది దొరుకుతుంది. తర్వాత మేం మారిన ఇంటికి అలాగే అడిగి వెళ్లాం.

మాంసం విషయంలో బయటివాళ్లకు ఉన్న భయం చాలావరకు కొండను, ఊరిని కలిపేసుకోవడం వల్ల వచ్చింది. మాంసం, మద్యం, సిగరెట్లు నిషేధం ఉన్నది తిరుమల మీద. దానికి తనిఖీ అలిపిరిలో జరుగుతుంది. కింద తిరుపతిలో ఆదివారం పొద్దున మటన్ షాపు దగ్గర మన వరంగల్లో లాగే జనం నిలబడతారు. రాగి సంగటి, నాటుకోడి పులుసు ఈ సీమ తిండి. పెరటాసి నెలలో మాత్రం కింది వాటావాళ్లకు పట్టింపు ఉంటే వాళ్ల గడప ముందు నుంచి మాంసం సంచి ఊపుకుంటూ వెళ్లకండి. అది దాచడం కాదు, మర్యాద.

ఈ ఊరు ఒక్క దేవుడిదే అనుకుంటే మే నెలలో వచ్చే తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడండి. గంగమ్మను వెంకటేశ్వరస్వామి చెల్లెలంటారు. కొండ నుంచి సారె వస్తుంది. చాటింపుతో మొదలై వారం పాటు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొకటి వేస్తారు. మగవాళ్లు చీర కట్టి, నగలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. వేషం వేసినవాళ్లు బూతులు తిడతారు, అది మొక్కులో భాగం. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి, మా పాప మొదటిసారి ఏడ్చేసింది. జాతర మంగళవారం నాడు మా వీధిలో కోడి కోయని ఇల్లు తక్కువ. తొమ్మిదేళ్లలో నేను ఈ ఊరిని నిజంగా ప్రేమించడం మొదలుపెట్టింది ఆ జాతర రోజుల్లోనే. ఎవరు ఏ ఇంటివాళ్లో చూడకుండా అంబలి పోస్తారు.

మీరు గమనించాల్సిన ఇంకో సంగతి ఉంది. ఇక్కడ భక్తి అంటే పూజగది మాత్రమే కాదు, ఊరి జీతం, ఊరి గడియారం. మా వీధిలో ఒకాయన దేవస్థానం ఉద్యోగి (టీటీడీ అని ఇక్కడ ఎవరూ పెద్దగా అనరు, దేవస్థానం అంటారు), పక్కాయన కొండకు జీపు తిప్పుతాడు, ఇంకొకావిడ పూలు కడుతుంది, ఆ చివరి ఇల్లు లాడ్జిలకు దుప్పట్లు ఉతికిస్తుంది. భక్తులు రాకపోతే పొయ్యి వెలగదు. ఆటో అతను మిమ్మల్ని "స్వామీ" అని పిలిచినా, బస్సులో జనం "గోవిందా" అన్నా మిమ్మల్ని పరీక్షించడానికి కాదు. యూనివర్సిటీ నుంచి కిరాణా కొట్టు దాకా వెంకటేశ్వర, పద్మావతి, బాలాజీ పేర్లే. నెల తిరిగేసరికి అవి మీ చెవికి వట్టి పేర్లయిపోతాయి. దేవస్థానం ఉద్యోగాలకు మాత్రం హిందువులే అర్హులు. ఇంట్లో ఎవరైనా ఇక్కడ ఉద్యోగం వెతుక్కోవాలనుకుంటే ఇది తెలిసి ఉండడం మంచిది.

గడియారం అన్నాను కదా. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు, వైకుంఠ ఏకాదశి, జనవరి 1, పెరటాసి శనివారాలు, ఆ రోజుల్లో అలిపిరి రోడ్డు, బస్టాండు, రైల్వే స్టేషన్ వైపు పని పెట్టుకోకండి. మాకు మొదటి ఏడాది గరుడసేవ రోజున పాప జ్వరానికి ఆసుపత్రికి చేరడానికి గంటన్నర పట్టింది. అప్పుడు పడిన టెన్షన్ తర్వాతే గోడకు ఇక్కడి పంచాంగం తగిలించాను.

కొండకు మీరు వెళ్లొచ్చా అంటే, వెళ్లొచ్చు. హిందువులు కానివాళ్లు దర్శనం చేసుకోవాలంటే స్వామి మీద నమ్మకం ఉందని రాసి సంతకం చేసే డిక్లరేషన్ ఇవ్వాలి. నేను దర్శనానికి వెళ్లలేదు, నా నమ్మకం నాది. కానీ ఖమ్మం నుంచి వచ్చిన స్నేహితురాలితో అలిపిరి మెట్లు ఎక్కాను, 3,550 మెట్లు. ఆమె క్యూలోకి వెళ్లింది, నేను తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోంచేసి కూర్చున్నాను. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అయితే తిరుమలలో వేరే మతం ప్రచారం చట్టరీత్యా నిషిద్ధం. మన బ్యాగుల్లో కరపత్రాలు మిగిలిపోయి ఉంటాయి, వెళ్లేముందు తీసేయండి. మేం కారు వెనక అద్దం మీది బైబిల్ వాక్యం స్టిక్కర్ కూడా తీసే వెళ్లాం. వాళ్ల పవిత్ర స్థలానికి మనం అతిథులం.

మీరు ఊహించని తలనొప్పి ఒకటి చెప్తాను. తిరుపతిలో దిగిన వారానికే వరంగల్లో మీకు తెలిసిన ప్రతి హిందూ కుటుంబం ఫోన్ చేస్తుంది, దర్శనం ఇప్పించమని. మీరు క్రైస్తవులని తెలిసినవాళ్లు కూడా చేస్తారు. విసుక్కోకండి, వాళ్లకు అది జన్మకోరిక. 300 రూపాయల ప్రత్యేక దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారని, అవి దొరక్కపోతే ఆధార్ తీసుకుని వస్తే బస్టాండు ఎదురుగా శ్రీనివాసంలో, రైల్వే స్టేషన్ ఎదుట విష్ణునివాసంలో, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్‌లో ఉచిత సర్వదర్శనం టోకెన్లు ఇస్తారని చెప్పండి. ఈ నాలుగు ముక్కలు చెప్పగలిగిన రోజున మా చుట్టుపక్కలవాళ్లు నన్ను ఊరి మనిషిగా చూశారు.

పిల్లల సంగతి. ఒక ఫంక్షన్‌కు మా పాపకు అడగకుండా బొట్టు, నామం పెట్టి స్టేజీ ఎక్కించారు. వెళ్లి టీచరుతో విడిగా, నెమ్మదిగా మాట్లాడాను. ఆమెకు నిజంగా తెలియదు. తర్వాత ప్రతిసారీ అడిగేది. "మీరు కొండకి పోరా?" అని పిల్లలు అడుగుతారు. "మేం చర్చికి వెళ్తాం" అని మామూలుగా చెప్పడం ఇంట్లోనే నేర్పండి. మనం తడబడితే పిల్లలు తడబడతారు. ఆరో తరగతిలో పాప అన్నమయ్య కీర్తనల పోటీలో పాడతానంది. చర్చి క్వయర్‌లో పాడిన గొంతు, పాటంటే ప్రాణం. మా ఆయన వద్దన్నారు. నేను పాడనిద్దామన్నాను. మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి పాడింది. ఆయన రాలేదు, నేను ముందు వరసలో కూర్చున్నాను. ఈ విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ ఒకే మాట లేదు. మీ ఇంట్లోనూ ఇలాంటివి వస్తాయి, బయటివాళ్లతో కంటే ముందు మీరిద్దరూ మాట్లాడుకుని ఉండండి.

చర్చికి వెతుక్కోనక్కర్లేదు. లూథరన్ సంఘం ఇక్కడ పాతది, దక్షిణ ఆంధ్ర లూథరన్ చర్చి కేంద్రం తిరుపతిలోనే ఉంది. సీఎస్ఐ వాళ్లకు ఆరాధన క్రమంలో కొద్ది తేడా కనిపిస్తుంది, కీర్తనలు మనం పాడుకునేవే.

రాష్ట్రం మారడం వల్ల వచ్చే పనులు విడిగా ఉంటాయి. బండి ఏడాది దాటి ఇక్కడే ఉండేట్టయితే వరంగల్ ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి ఇక్కడి నంబరు వేయించుకోవాలి. పెద్దబ్బాయి తొమ్మిదో తరగతి అన్నారు కాబట్టి స్థానికత గురించి, అంటే రేపు కాలేజీ సీట్లకు ఏ రాష్ట్రంలో లోకల్ అవుతాడన్నది, ఇప్పుడే కనుక్కోండి. అర్హత పరీక్షకు ముందు వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివాడన్నది లెక్క. ఇక ఇక్కడి మాటల సంగతి. సంతలో ఉర్లగడ్డ అంటే బంగాళాదుంప, మన ఉల్లిగడ్డ కాదు. ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటారు, పల్లీలు చెనక్కాయలు. ఎవరైనా "బిన్నా రా" అంటే తొందరగా రమ్మని.

క్రిస్మస్‌కు ఊరెళ్లాలంటే మీకు పద్మావతి, కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లు రెండూ వరంగల్ మీదుగానే వెళ్తాయి. కానీ ఆ రోజుల్లోనే వైకుంఠ ఏకాదశి, కొత్త సంవత్సరం రద్దీ కూడా కలుస్తుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, డిసెంబర్ 23 టికెట్ కావాలంటే అక్టోబర్ 24 పొద్దున ఎనిమిదింటికే కూర్చోండి.