పిల్లలకు అంతరిక్షం మీద ఆసక్తి టీవీతో పుడుతుందా? మా ఇంటి అనుభవం

మీ బాబు ఏడో తరగతి, ఫోన్లో బ్లాక్ హోల్ వీడియోలు తెగ చూస్తున్నాడు, ఇది ఉత్త కాలక్షేపమేనా, మంచి సైన్సు కార్యక్రమాలు చూపిస్తే నిజంగా ఆసక్తి పుడుతుందా, ఏవి చూపించాలి అని అడిగారు. పుడుతుంది. మా ఇంట్లో మూడు తరాలకి పుట్టింది. కాకపోతే ఏది పడితే అది చూపిస్తే పుట్టదు.

నా లెక్కలో ఇవి రెండు రకాలు. గ్రహశకలం వచ్చి గుద్దితే ఏమవుతుంది, బ్లాక్ హోల్ మనల్ని మింగితే ఏమవుతుంది అని గంటసేపు బెదిరించేవి మొదటి రకం. పిల్లలు కళ్ళార్పకుండా చూస్తారు, భోజనాల టైముకి మర్చిపోతారు. ‘ఈ సంగతి మనిషికి ఎలా తెలిసింది’ అని విప్పి చెప్పేవి రెండో రకం. వెతికి మరీ చూపించాల్సింది వీటినే.

నాకు ఈ పిచ్చి పట్టించింది ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్ టీవీలో చేసిన ‘కాస్మోస్’. 1980లో అమెరికాలో వచ్చిన 13 భాగాల కార్యక్రమం. ఎనభైల్లో మన దూరదర్శన్‌లోనూ వేశారు. అప్పుడు మేము నెల్లూరు పక్కన కోవూరులో ఉండేవాళ్ళం. ఆ ఇంగ్లీషు నాకు సగం కూడా ఎక్కేది కాదు. పక్కనే కూర్చుని మా నాయన తెలుగులో చెప్తూ ఉండేవాడు. గెలాక్సీలు, సంగీతం అన్నీ బాగానే ఉండేవి గానీ, నా బుర్రలో నాటుకుపోయింది మొదటి భాగంలోని ఒక చిన్న ముక్క. సుమారు 2,200 ఏళ్ళ కిందట ఈజిప్టులో ఎరటోస్తనీస్ అనే ఆయన, సయీన్ అనే ఊళ్ళో ఏడాదిలో ఒక రోజు మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకి నీడ పడదనీ, అదే రోజు అలెగ్జాండ్రియాలో పడుతుందనీ గమనించి భూమి చుట్టుకొలత కట్టేశాడు. సాగన్ ఒక అట్ట మీద బుల్లి కర్రలు నిలబెట్టి, అట్టని వంచి చూపిస్తాడు. అట్ట చదునుగా ఉంటే నీడలు సమానం. వంచితే తేడా. ఆ తేడా 7 డిగ్రీలు, అంటే వృత్తంలో దాదాపు 50వ వంతు. ఊళ్ళ మధ్య దూరం 800 కిలోమీటర్లు. 50తో గుణిస్తే 40,000 కిలోమీటర్లు, అదే భూమి చుట్టుకొలత. గ్రాఫిక్స్ లేవు, ఏమీ లేవు, ఒక అట్టముక్క!

తర్వాతి వేసవిలో నాయన మిద్దె మీద కర్ర నిలబెట్టాడు. ‘ఎండలో నిలబడి నీడ కొలిచేవాళ్ళు మీరే’ అని అమ్మ కింద నుంచి అరుపులు. నెల్లూరు దగ్గర ఏప్రిల్ 29 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరోసారి, పన్నెండు దాటిన కాసేపటికి నీడ పూర్తిగా కర్ర కిందికి పోతుంది. అది చూస్తే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది.

అదే ప్రయోగం ఇప్పుడు మా అబ్బాయితో హైదరాబాదులో ఉన్న వాళ్ళత్తని కూడా కలుపుకుని చేశాను. మాకు నీడ లేని రోజున అక్కడ మీటరు కర్రకి అయిదు సెంటీమీటర్ల నీడ వచ్చింది. అంటే సుమారు 3 డిగ్రీలు, వృత్తంలో 120వ వంతు. మ్యాపులో ఉత్తర దక్షిణాలుగా కొలిస్తే దూరం దాదాపు 330 కిలోమీటర్లు. గుణిస్తే 39,600! రోడ్డు దూరం వేస్తే లెక్క తప్పుతుంది. ఇంకో సంగతి, రెండు ఊళ్ళలోనూ ఒకే నిమిషంలో కొలవక్కర్లేదు, ఎక్కడికక్కడ అతి పొట్టి నీడని పట్టుకోవాలి.

తొంభైల్లో ‘టర్నింగ్ పాయింట్’ అని దూరదర్శన్‌లో వచ్చేది. ప్రేక్షకులు పంపిన ప్రశ్నలకు ప్రొఫెసర్ యశ్‌పాల్ జవాబులు చెప్పేవారు. ఇప్పటి ఛానళ్ళలో అలా జనం ప్రశ్నలు తీసుకునే ఓపిక కనపడదు నాకు.

2014లో నీల్ డిగ్రాస్ టైసన్ అనే మరో ఖగోళ శాస్త్రవేత్త కొత్త ‘కాస్మోస్’ చేశాడు. బొమ్మలు అద్భుతం, కానీ నాకు పాతదాని నింపాదితనమే ఇష్టం. మా అబ్బాయి ఒప్పుకోడు. అయితే అందులో టైసన్ చెప్పే ఒక విషయం మా ఇద్దరికీ నచ్చింది. తనకి 17 ఏళ్ళప్పుడు, 1975లో, సాగన్ పిలిచి ఒక రోజంతా తనకోసం కేటాయించాడట. అలాగే 1977లో వెళ్ళిన వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పెట్టిన గ్రామఫోన్ రికార్డుని తయారుచేసిన బృందానికి సాగనే పెద్ద. అందులో 55 భాషల పలకరింపులు ఉన్నాయి, తెలుగు కూడా ఉంది. నెట్‌లో దొరుకుతుంది, బాబుకి వినిపించండి.

ఇక మన వైపు ఉన్న వరం శ్రీహరికోట. 2022 దాకా మా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లా. టీవీలో కౌంట్‌డౌన్ పెట్టుకుని మిద్దె మీదికి పరిగెత్తడం మాకు అలవాటు. ఒకసారి మా వాడు ‘టీవీలో లేచింది, మనకి కనపడదేం?’ అన్నాడు. నెల్లూరు నుంచి శ్రీహరికోట 80 కిలోమీటర్ల పైమాటే. భూమి వంపు వల్ల రాకెట్టు మొదటి అర కిలోమీటరు ఎత్తు వరకూ మనకి చాటునే ఉంటుంది. చెట్లు, మేడలు ఉంటే ఇంకా ఆలస్యం. సాగన్ అట్ట గుర్తొచ్చి వాడే చెప్పేశాడు జవాబు. ఫోన్లో చూస్తే మాత్రం లైవ్ వెనకబడి, ఆకాశమే ముందు చూపిస్తుంది!

చంద్రయాన్-2 రాత్రి, 2019 సెప్టెంబరులో, చంద్రుడి మీద దిగబోతున్న విక్రమ్ ల్యాండర్‌తో సంబంధం తెగిపోవడం పిల్లలందరూ టీవీలో చూశారు. చాలామంది తల్లిదండ్రులు అది చూపించకుండా ఉండాల్సింది అన్నారు. నేనైతే చూపించే తీరాలంటాను. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6:04కి చంద్రయాన్-3 దిగినప్పుడు మా నాయనా, మనవడూ ఒకే సోఫాలో ఎగిరారంటే, 2019 నాటి ఆ రాత్రి సంగతి ఇద్దరికీ తెలియబట్టే.

మీరు ఒంగోలు అన్నారు కాబట్టి మీకు నీడ పోయే రోజు మే 3 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 10 ప్రాంతంలో వస్తుంది. ఆగస్టులో మబ్బు భయం, మేలో ఎండ భయం. సెలవులు కాబట్టి మే మేలు. కర్ర నిలువుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూసుకోండి. హైదరాబాదు కంటే ఢిల్లీలో ఎవరైనా చుట్టాలుంటే ఇంకా మంచిది. నీడ పెద్దగా పడుతుంది, కొలతలో చిన్న తేడా వచ్చినా లెక్క పెద్దగా చెడదు. టోపీలు, మజ్జిగ మర్చిపోకండి.